సీటు వెతికే ముందు నీడ వెతకండి

బాలసదనంలోనో, ప్రభుత్వ గుర్తింపున్న అనాథాశ్రమంలోనో, ఫోస్టర్ కేర్ కింద మరో కుటుంబంలోనో పెరిగిన విద్యార్థికి ఇంటర్ అయ్యాక అందరూ చెప్పే మాట ఒకటే: మార్కులు తెచ్చుకో, మంచి కాలేజీ చూసుకో. ఆ మాటలో తప్పులేదు గానీ, అది సగం సలహానే. ఖమ్మం జిల్లా సత్తుపల్లి ప్రాంతంలో డిగ్రీ సీటు దొరకడం అంత గగనమేమీ కాదు. ఊళ్లోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఖమ్మం వెళితే ఎస్‌ఆర్ అండ్ బీజీఎన్‌ఆర్ ప్రభుత్వ కళాశాల, ఇటు అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఇలాంటి విద్యార్థికి అసలు గండం సీటు వచ్చాక మొదలవుతుంది. దసరాకు హాస్టల్ మూస్తారు, అందరూ ఇళ్లకు వెళతారు, తనకు వెళ్లే ఇల్లు ఉండదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో తండ్రి ఆదాయం రాయమంటారు. జ్వరమొచ్చి వారం మంచాన పడితే కాలేజీకి కబురు చేసేవాళ్లుండరు. కాబట్టి ఏ కోర్సు చేరాలన్న ప్రశ్నకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఏడాది పొడవునా తలదాచుకునే చోటు, పద్దెనిమిది నిండేలోపు చేతిలో ఉండాల్సిన కాగితాలు. ఈ రెండూ కుదిరితే మామూలు మార్కులతోనైనా డిగ్రీ గట్టెక్కుతుంది. ఇవి కుదరకపోతే మంచి ర్యాంకు కూడా రెండో సెమిస్టర్ దాకానే పనికొస్తుంది.

చట్టం ఈ పిల్లల్ని పూర్తిగా వదిలేయలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిది నిండి సంరక్షణ కేంద్రం నుంచి బయటికొచ్చేవారికి సమాజంలో నిలదొక్కుకునేందుకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. దీన్నే ఆఫ్టర్ కేర్ అంటున్నారు. ఇది ఇరవై ఒకటో ఏడు నిండేదాకా ఉంటుంది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చని 2016 నమూనా నియమాలు చెబుతున్నాయి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఇందుకు నెలకు 4,000 రూపాయలు పెట్టారు. చిక్కు ఎక్కడంటే, చట్టం చూసేది పుట్టినరోజును, కాలేజీ నడిచేది విద్యా సంవత్సరం ప్రకారం. ఈ పిల్లల్లో చాలామంది బడిలో ఆలస్యంగా చేరినవాళ్లో, మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లో అయి ఉంటారు. అలాంటివారికి ఇంటర్ మధ్యలోనే పద్దెనిమిది నిండుతుంది, డిగ్రీ రెండో ఏడాదిలోనే ఇరవై ఒకటి వచ్చేస్తుంది. నాలుగేళ్ల బీటెక్, వ్యవసాయ డిగ్రీల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఎక్కడ చేరాలో నిర్ణయించుకునేటప్పుడే మీ పుట్టిన తేదీని, కోర్సు ముగిసే నెలను పక్కపక్కన రాసుకుని చూడండి. మధ్యలో ఖాళీ కనిపిస్తే పొడిగింపు కావాలన్న సంగతిని మొదటి దరఖాస్తులోనే జిల్లా బాలల సంరక్షణ అధికారికి, బాలల సంక్షేమ సమితికి తెలియజేయండి. ఫైలు కదలడానికి నెలలు పట్టొచ్చు. పదిహేడో ఏట అడిగితేనే పద్దెనిమిదో ఏట చేతికందుతుంది.

ఇక కాగితాలు. ఇది వినడానికి చిన్న విషయంగా ఉంటుంది గానీ ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. తెలంగాణ బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలకు చోటుందని చాలామందికి తెలియదు. పదేళ్లలోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసుకునే దిక్కెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన పాఠశాలలో, ఆశ్రమంలో చేరినవారు ఆ కోవలోకి వస్తారు. బీసీ-ఏకు విద్యలో 7 శాతం రిజర్వేషన్ ఉంది, ఆపైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ దారి దొరుకుతుంది. అయితే దీనికి తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, ఏ వయసులో ఆశ్రమంలో చేరారన్న రికార్డు కావాలి. ఆశ్రమం వదిలి నాలుగేళ్లయ్యాక వాటిని వెతకడం కంటే, లోపల ఉన్నప్పుడే సూపరింటెండెంట్ సంతకంతో తీసుకోవడం తేలిక. కోయ పిల్లల విషయం వేరు. వాళ్లకు ఎస్టీ ధ్రువపత్రమే ఆధారం, దానికి తండ్రి తరఫు బంధువుల కాగితాలు కావాలి. ఏ గూడెంలో ఎవరున్నారో తెలిసినప్పుడే ఆ పని పూర్తిచేసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలకు కుల ధ్రువపత్రం మరీ కష్టం, కాబట్టి మరింత ముందుగా మొదలుపెట్టాలి. సత్తుపల్లి ఆంధ్రా సరిహద్దున ఉంది గనుక, కొన్నేళ్లు అటువైపు, కొన్నేళ్లు ఇటువైపు చదివినవారికి స్థానికత ప్రశ్న కూడా ఎదురవుతుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి. ఇంకొకటి: డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో పేరు నమోదుకు ఆధార్‌తో జోడించిన ఫోన్ నంబరు కావాలి. మీ ఆధార్‌కు ఆశ్రమం వారి నంబరు జోడించి ఉంటే, బయటికి రాకముందే సొంత నంబరుకు మార్పించుకోండి.

ఇంట్లోవాళ్లు లేని లోటు చదువును ఎంత దెబ్బతీస్తుందో అమెరికాలో లెక్కకట్టి చూశారు. ఇల్లినాయిస్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో ఫోస్టర్ కేర్ నుంచి బయటికొచ్చిన యువతను పరిశోధకుడు మార్క్ కోర్ట్నీ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఇరవై ఆరో ఏటికి వారిలో కాలేజీ డిగ్రీ చేతికొచ్చినవారు 8 శాతం దాకా ఉంటే, అదే వయసు సాధారణ యువతలో 46 శాతం దాకా ఉన్నారు. అక్కడి ప్రభుత్వం వీరి చదువుకు ఏడాదికి 5,000 డాలర్ల దాకా వోచర్లు ఇస్తుంది. డబ్బుకంటే నన్ను ఆకట్టుకున్నవి మరో రెండు ఏర్పాట్లు. పదమూడేళ్లు నిండాక ఎప్పుడైనా ఫోస్టర్ కేర్‌లో ఉన్న విద్యార్థిని, ఆర్థిక సాయం దరఖాస్తులో తల్లిదండ్రుల ఆదాయం అడగరు. సెలవుల్లోనూ తెరిచి ఉండే వసతి గృహాల్లో వీరికి ప్రాధాన్యం ఇవ్వాలని కాలిఫోర్నియా 2009లో చట్టం చేసింది. ఈ రెండింటికీ పెద్ద ఖర్చేమీ లేదు. ఇల్లు లేని పిల్ల కూడా కాలేజీలో ఉంటుందన్న ఎరుక ఉంటే చాలు.

పేద పిల్లలందరికీ కష్టాలున్నాయి కదా, వీరికే ప్రత్యేకం ఎందుకని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. వేంసూరు, దమ్మపేట పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే కూలి బిడ్డ కష్టం తక్కువదని ఎవరూ అనలేరు. కానీ ఆ బిడ్డ ఫెయిలైనా రాత్రికి ఇంటికి వెళుతుంది. అమ్మ తిడుతుంది, అన్నం పెడుతుంది, సప్లిమెంటరీ రాయమంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, అడగడానికి మేనమామో పెదనాన్నో వస్తాడు. సంరక్షణ కేంద్రంలో పెరిగినవారికి ఒక్క తప్పటడుగుకు కూడా చోటు లేదు. సాయం వేరుగా ఉండాల్సింది ఈ ఒక్క తేడాకే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. మూడేళ్ల డిగ్రీ ఎందుకు, ఐటీఐ చేసి సింగరేణి బొగ్గు సంస్థలో అప్రెంటిస్‌గా చేరితే త్వరగా సొంత కాళ్లమీద నిలబడతారు కదా అని. పక్కనే ఆ సంస్థ జేవీఆర్ ఓపెన్ కాస్ట్ గని ఉన్న ఊళ్లో ఈ మాటకు బలం ఉంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ పని మీద ఇష్టం ఉంటే నిస్సంకోచంగా చేరండి, అది ఏ డిగ్రీకీ తీసిపోదు. కానీ వేరే నీడ లేదు గనుక తొందరగా సంపాదించాలన్న భయంతో చేసే ఎంపికను ఇష్టం అనలేం. అప్రెంటిస్‌షిప్ ముగిశాక ఉద్యోగం వస్తుందన్న హామీ కూడా లేదు. టీచరో, నర్సో కావాలనుకున్న అమ్మాయిని ఆర్నెల్ల టైలరింగ్ కోర్సుకు పంపి, పునరావాసం అయిపోయిందని ఫైలు మూసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంత సాయం చేస్తే ఆధారపడటం అలవాటవుతుందన్న వాదనకైతే జవాబు మన ఇళ్లలోనే ఉంది. మన ఇళ్లలో పద్దెనిమిదేళ్ల కొడుకుని రేపటి నుంచి నీ బతుకు నువ్వు చూసుకో అని ఎవరూ అనరు. పెళ్లయ్యేదాకా, ఒక్కోసారి ఆ తర్వాతా, చూస్తూనే ఉంటారు.

కాలేజీల వైపు నుంచి కావాల్సిందీ కొంచెమే. ఇలాంటి విద్యార్థులు ఎవరో తెలిసి, వారి వివరాలు పదిమందిలో చెప్పకుండా బాధ్యత తీసుకునే ఒక అధ్యాపకుడు ఉండాలి. వేసవిలో మూసేసే హాస్టల్లో రెండు గదులు, వంటకు ఒక పొయ్యి వదిలిపెట్టాలి. విద్యార్థిగా మీరు చేరిన మొదటి వారంలోనే ప్రిన్సిపాల్‌ను కలిసి ఈ మాట అడగండి. అడగడానికి మొహమాటపడకండి. హాస్టల్ కుదరదంటే ఆఫ్టర్ కేర్ డబ్బుతో ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకోవచ్చు. అప్పుడు ఖమ్మంలో అద్దె, సత్తుపల్లిలో అద్దె పోల్చి చూసుకోండి. దూరపు పెద్ద కాలేజీ కంటే దగ్గరి ప్రభుత్వ కాలేజీలో మూడేళ్లు నిలకడగా చదవడం చాలామందికి మేలైన బేరం. సాయం అడిగి నెలలు గడిచినా జవాబు రాకపోతే ఖమ్మంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి రాతపూర్వకంగా మరోసారి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇంకా పద్దెనిమిది నిండకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.