వంశంలో కాన్సర్: దాచడం మేలా, తెలుసుకోవడం మేలా?



వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి ఒక ఇంటికి వెళ్ళాను. పెద్దపేగు కాన్సర్‌తో మంచం పట్టిన ఆ తల్లి నన్ను కోరింది ఒక్కటే: "ఫాదర్‌గారూ, నా జబ్బు సంగతి అమ్మాయి అత్తవారింట్లో తెలియనివ్వకండి." ఆమె తండ్రీ, అన్నా యాభై ఏళ్ళు నిండకుండానే అదే జబ్బుతో పోయారట. ఆ మాట ఆమె డాక్టరుగారికి కూడా చెప్పలేదు. కూతురి కాపురం కోసం దాచిన ఆ మాటే కూతురి ప్రాణాన్ని కాపాడగలదు. ఎలాగో చూద్దాం. (ఆ కుటుంబం అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను.)

ఒక కుట్టుపని స్త్రీ చెప్పిన మాట

1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, బట్టలు కుట్టి జీవించే ఒక స్త్రీ తన దిగులు చెప్పుకుంది. తనవాళ్ళలో చాలామంది కాన్సర్‌తోనే పోయారనీ, తానూ అలాగే పోతాననీ ఆమె భయం. ఆమె అన్నట్లే గర్భసంచి కాన్సర్‌తో చిన్న వయసులో మరణించింది. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆ కుటుంబ వంశవృక్షాన్ని గీసి 1913లో ప్రచురించాడు.

తరువాత, జెస్విట్ గురువుల సంప్రదాయంలో నడిచే ఒమాహా నగరపు క్రైటన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ హెన్రీ లించ్ అటువంటి కుటుంబాల చరిత్రలను దశాబ్దాల పాటు ఓపికగా సేకరించారు. మొదట్లో చాలామంది నమ్మలేదు. 1993, 1994లలో కారణమైన జన్యువులు రెండు దొరికాయి. ఆ స్థితికి నేడు 'లించ్ సిండ్రోమ్' అని పేరు. వార్తిన్ చూసిన కుటుంబంలోని లోపం ఎం.ఎస్.హెచ్.2 అనే జన్యువులో ఉందని నూరేళ్ళు దాటాక తేలింది.

లోపం ఎటువంటిది?

కణం రెండుగా విడిపోయే ముందు తనలోని డి.ఎన్.ఏ. అనే వ్రాతకు నకలు తీసుకుంటుంది. అందులో దొర్లే తప్పులను దిద్దే జన్యువులు కొన్ని ఉన్నాయి. పత్రిక అచ్చయ్యే ముందు ప్రూఫులు దిద్దేవారి వంటివి అవి. ఆ దిద్దుబాటు దెబ్బతింటే తప్పులు పేరుకుని, పెద్దపేగు, గర్భసంచి మొదలైన చోట్ల కాన్సర్‌కు దారితీస్తాయి.

తల్లికి గాని తండ్రికి గాని ఈ లోపం ఉంటే, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. కొడుకైనా కూతురైనా ఒకటే. పెళ్ళితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది గాని జన్యువు మారదు. అయితే వారసత్వంగా వచ్చేది లోపమే, కాన్సర్ కాదు. లోపం ఉన్నవారందరికీ జబ్బు రాదు. మొత్తం కాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుండి 10 మాత్రమే. కనుక ఇంట్లో ఒకరికి వచ్చిందని అందరూ భయపడనక్కరలేదు.

పరీక్ష ఎలా జరుగుతుంది?

1. ముందుగా మూడు తరాల వివరాలు వ్రాసుకోవాలి: ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో వచ్చింది? తల్లివైపూ, తండ్రివైపూ.

2. వీలైతే జబ్బు వచ్చినవారి రక్తాన్నే మొదట పరీక్షించాలి. లోపం ఏదో తెలిస్తే, మిగిలినవారిలో దానినే వెదకవచ్చు.

3. పరీక్షకు ముందూ తరువాతా జన్యు సలహాదారుతో మాట్లాడాలి. కొన్నిసార్లు అర్థం తేలని ఫలితం వస్తుంది. దానిని పట్టుకుని ఆపరేషన్ల వంటి నిర్ణయాలు తీసుకోకూడదు.

4. పెద్దయ్యాక వచ్చే ఇటువంటి జబ్బుల కోసం పసిపిల్లలను సాధారణంగా పరీక్షించరు. పెద్దవారై వారే నిర్ణయించుకోవాలి.

లోపం ఉందని తేలితే ఏమి లాభం? సాధారణంగా పాతికేళ్ళ ప్రాయం నుండే ఒకటి రెండేళ్ళకొకసారి కొలనోస్కోపీ చేయించుకుంటే, కాన్సర్‌గా మారకముందే పేగులోని పాలిప్‌లను తీసివేయవచ్చు. లోపం రాలేదని తేలినవారికి ఆ భయం తీరుతుంది; వారి పిల్లలకూ వారి నుండి అది రాదు.

దాచడం ప్రేమేనా?

పుట్టుగ్రుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ఎవరి పాపమూ కాదన్నారు ప్రభువు. ఈ జబ్బు శాపమూ కాదు, కోడలు తెచ్చిన కీడూ కాదు. సంబంధాలు తప్పిపోతాయన్న తల్లుల భయం నిజమైనదే. దానిని నేను తేలికగా తీసుకోను. వీధిలో చాటమని ఎవరూ అనరు. కాని సొంత రక్తానికి చెప్పకపోతే ఆపద వారికే. విన్నవారు పరీక్షకు వెళ్ళాలా వద్దా అన్నది వారి ఇష్టం, బలవంతం తగదు.

ఆ తల్లి కన్నుమూయకముందే కూతురిని పిలిచి అంతా చెప్పింది, పరీక్షకు రక్తమిచ్చింది. లోపం ఉన్నట్లు తేలింది. కూతురు ఇంకా పరీక్షకు వెళ్ళలేదు. భర్తకు మాత్రం చెప్పింది. "ఇద్దరం కలిసే వెళతాం, ఫాదర్" అన్నది మొన్న గుడి దగ్గర.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మన తాతలు, అమ్మమ్మలు, మేనత్తలు, మేనమామలు ఏ జబ్బుతో, ఏ వయసులో పోయారో మన పిల్లలకు తెలుసా?

2. జబ్బు సంగతి చెప్పిన కోడలినో అల్లుడినో మన ఇంట్లో ఎలా ఆదరిస్తాం?