పులుపు నుండి మోలు వరకు: ఇంటర్మీడియట్‌లో రసాయనశాస్త్రము

పదవ తరగతి వరకు ఉర్దూలోనో, తెలుగులోనో చదివి ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు మాధ్యమమున చేరిన విద్యార్థికి రసాయనశాస్త్రము రెండు విధముల కొత్తది: విషయమూ కొత్తది, దాని పేరూ కొత్తది. ఈ రెండు బరువులను ఒక్కసారి మోయలేక అనేకులు కంఠస్థము చేయుటయే మార్గమని తలంచుచున్నారు. వారు సమీకరణములను తడబడక అప్పజెప్పగలరు. లెక్క ఇచ్చినచో కలము ఆగిపోవును. ఇందుకు కారణము తెలివి తక్కువ కాదు, చదువు క్రమము సరిగా లేకపోవుటయేనని మేము భావించుచున్నాము.

మొదట పేర్లను గూర్చి చెప్పుకొందము. 'యాసిడ్' అను మాటకు మూలమైన లాటిన్ పదమునకు పులుపు అని అర్థము. మన 'ఆమ్లము' అనగా పులుపే. ఉర్దూ శాస్త్రగ్రంథములలోని 'తుర్షా' కూడ పుల్లనిది అని అర్థమిచ్చు ఫారసీ 'తుర్ష్' నుండి వచ్చినదే. 'ఆల్కలీ' అరబ్బీ మాట. మొక్కలను కాల్చగా వచ్చిన బూడిదను అది సూచించును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున తొలి దశాబ్దములలో ఈ శాస్త్రమును ఉర్దూలోనే బోధించిరి. కావున మన భాషలకు ఇది పరాయి విద్య కాదు. కొత్త పదము ప్రక్కన ఇంటి భాషలో అర్థము వ్రాసికొనుట చిన్నతనమూ కాదు.

అయితే పేరు తెలిసినంత మాత్రమున చాలదు. ఆక్సిజన్‌ను మనము 'ఆమ్లజని' అనుచున్నాము. ఆమ్లములన్నింటిలోను అది ఉండునని నమ్మి లవోయిజర్ ఆ అర్థము వచ్చు పేరు పెట్టెను. కాని హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఆక్సిజన్ లేనే లేదు. పేరు దారి చూపును. నిజము తేల్చునది ప్రయోగమే.

ఇక మోలు. కణములను ఒక్కొక్కటిగా ఎంచలేము, తూచగలము. అందుకే 6.022 × 10²³ కణముల సముదాయమును ఒక మోలు అందురు. సోడియం హైడ్రాక్సైడ్ ఒక మోలు 40 గ్రాములు. స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లము ఒక మోలు 126 గ్రాములు. లీటరు ద్రావణములో ఈ ఆమ్లము 6.3 గ్రాములున్నచో దాని మోలారిటీ 0.05.

ఆ ద్రావణమును పిపెట్టుతో 20 మి.లీ. తీసి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్టు నుండి క్షారమును వదలితిమి అనుకొందము. లేత గులాబీ రంగు నిలుచునప్పటికి 16 మి.లీ. ఖర్చయినది. ఆమ్లము 0.001 మోలు. ఒక ఆమ్ల అణువు రెండు హైడ్రాక్సైడ్లతో చర్య జరుపును గనుక క్షారము 0.002 మోలు. దానిని 0.016 లీటరుతో భాగింపగా మోలారిటీ 0.125, అనగా లీటరుకు 5 గ్రాములు. సూత్రమును వల్లించి ఆ 'రెండు'ను మరచినవానికి సరిగా సగమే జవాబుగా వచ్చును. అంశమాపనమున చేయి ఎంత నేర్పుగా పనిచేసినను ఆ తప్పు దిద్దుకొనదు.

కావున విద్యార్థులకు మా సూచన: ముందు అర్థము, పిమ్మట సమీకరణము, ఆపై లెక్క. కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము: ప్రయోగశాల గోడపై మూడు భాషల పదపట్టిక వ్రాయింపుడు, ప్రతి విద్యార్థియు తన చేతితో బ్యూరెట్టు పట్టునట్లు ఏర్పాటు చేయుడు. ఈ రెండును జరిగిననాడు, భాష మారినదను భయముతో ఈ శాస్త్రమును వదలుకొను విద్యార్థుల సంఖ్య తప్పక తగ్గును.