ఎల్‌నినో పేరు చెప్పి పత్తికి మందులు

మృగశిరలో పడ్డ ఒకటి రెండు వానలకే తొందరపడి పత్తి గింజలు పెట్టినవాళ్లు ఇప్పుడు ఆకాశం వైపు చూస్తున్నారు. పునర్వసు కార్తె నడుస్తోంది. మబ్బులు వస్తున్నాయి, గాలికి పోతున్నాయి. చెలక నేలల్లో మధ్యాహ్నానికే మొక్క తల వాలుస్తోంది. ఆకు తిప్పి చూస్తే తామరపురుగు, అక్కడక్కడ పచ్చదోమ. దీనికి తోడు ఊళ్లలో ఎల్‌నినో మాట పాకింది. ‘ఈ ఏడు పురుగు విరగబడి వస్తుందట, ముందే కొట్టుకోండి’ అంటూ రెండు మందులకు ఒక టానిక్కు కలిపి అంటగడుతున్నారని రైతులు ఫోన్లు చేస్తున్నారు. పసిఫిక్ మహాసముద్రానికీ మీ చేలోని దోమకూ మధ్య ఏం జరుగుతుందో తెలిస్తే ఆ మందులు కొనాలో వద్దో మీరే తేల్చుకోగలరు.

పసిఫిక్ నడిమి, తూర్పు భాగాల్లో భూమధ్యరేఖ దగ్గరి నీరు మామూలుకన్నా అర డిగ్రీ, అంతకు మించి నెలల తరబడి వేడిగా ఉంటే ఎల్‌నినో. అంత మేర చల్లబడితే లానినా. ఎల్‌నినోలో గాలి పైకి లేచి వానలు కురిసే తావు తూర్పుకు జరుగుతుంది, మన వైపు గాలి కిందికి దిగుతుంది. మబ్బు కట్టినా బలం ఉండదు. 2002 జూలైలో దేశంలో పడాల్సిన వానలో సగం కూడా పడలేదు. 2009లో సీజన్ మొత్తానికి 78 శాతమే. కానీ 1997లో పసిఫిక్ అంతకంటే ఎక్కువ కాగినా మనకు 102 శాతం కురిసింది. ఆ ఏడు హిందూ మహాసముద్రం మనకు కలిసొచ్చింది: ఆఫ్రికా వైపు నీరు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉంది. 2019లోనూ ఇదే తీరు, 110 శాతం వాన. అందుకే ఒక్క పసిఫిక్‌ను చూసి కరువని తేల్చేయకూడదు.

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే ఆఖరులో మరోసారి సీజన్ అంచనా ఇస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశ సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం పడితే సాధారణం అంటారు. ఏప్రిల్ అంచనాలో అయిదు శాతం అటూఇటూ కావచ్చని ఆ శాఖే చెబుతుంది. వేసవి మొదట్లో పసిఫిక్ పోకడ ఎటు తిరిగేదీ తేల్చడం కష్టం, జూన్ దాటాకే అంచనా గట్టిపడుతుంది. పైగా అది దేశం మొత్తం లెక్క, మీ మండలం లెక్క కాదు. 2023 ఎల్‌నినో ఏడే, సీజన్‌లో 94 శాతం పడింది. ఆ ఏడే జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి దేశం చూసిన ఆగస్టులన్నిటిలోకీ పొడిది.

కాబట్టి సీజన్ అంచనా పనికొచ్చేది విత్తనం కొనేముందు. చెలకలో పత్తి ఎంత, కంది ఎంత, అప్పు ఎంతవరకు అన్నవి దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. మందు కొట్టాలా వద్దా అన్నదానికి అది అక్కరకు రాదు. దానికి మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా వాతావరణ సలహా ఉంది, మేఘదూత్ యాప్‌లోనూ చూడవచ్చు. ఇంకా పత్తి పెట్టనివాళ్లు తేలిక నేలల్లో 50–60, బరువు నేలల్లో 60–75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పెట్టండి. జూలై 20 దాటితే చెలకలో ఆ ఆలోచనే మానుకోండి.

తామరపురుగు బెట్టలో పెరుగుతుంది, గట్టి వాన ఒకటి పడితే చాలావరకు కొట్టుకుపోతుంది. కంపెనీవాళ్లు విత్తనానికి పట్టించిన మందు మొదటి మూడు నాలుగు వారాలు రసం పీల్చే పురుగులను ఆపుతుంది. ఆ గడువు దాటకముందే పైమందు కొట్టించేవాడు మీ పంట గురించి ఆలోచిస్తున్నాడని నేననుకోను. ఆకుకు పచ్చదోమ పిల్లలు రెండు, లేదా తామరపురుగులు పది కనిపిస్తే అప్పుడు చూద్దాం. దోమ ఆ స్థాయికి చేరితే ఫ్లోనికామిడ్ లీటరు నీటికి 0.3 గ్రాములు చాలు. బెట్టకు వాడిన మొక్క మీద ఎండవేళ కొట్టిన మందు పని చేయకపోగా ఆకు మాడుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ల జోలికి ఇప్పుడు వెళ్లారా, తర్వాత తెల్లదోమను మీరే పిలిచి కూర్చోబెట్టినట్టు. మూడు నాలుగు రకాలు ఒకే ట్యాంకులో కలపొద్దని ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాను.

టానిక్కు డబ్బుతో గుంటక తోలించండి. పైమట్టి గుల్లబారితే తేమ నిలుస్తుంది, రేగడిలో నెర్రెలు పూడతాయి. ఎండిన నేలలో యూరియా చల్లొద్దు. మొక్క మరీ నీరసిస్తే లీటరుకు 20 గ్రాముల యూరియా, లేదా 10 గ్రాముల 13-0-45 సాయంత్రం పూట పిచికారీ చేయండి. పూత, కాయ దశలో ఇలాంటి బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే మొక్కలు ఉన్నట్టుండి వడలుతాయి. అది పురుగు కాదు, పురుగుమందుకు లొంగదు. ముందు నీళ్లు బయటికి తీయండి. నలభై అయిదు రోజులకు గులాబీ పురుగు లింగాకర్షక బుట్టలు పెట్టడం మరవొద్దు. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితేనే మందు మాట.

మొక్కజొన్నలో కత్తెర పురుగును సుడిలో వెతకండి. వేరుశనగ రైతులు చాలినంత తడి అందేదాకా విత్తకుండా ఆగండి. నెల్లూరు, చిత్తూరు వైపువాళ్లకు ఒక మాట: ఎల్‌నినో ఏళ్లలో ఈశాన్య రుతుపవనం తరచూ బలంగా ఉంటుంది, 2015 నవంబరు వరదలు అలా వచ్చినవే. మురుగు కాల్వలు ముందే తీయండి.

మందు కొనక తప్పకపోతే బిల్లు అడిగి తీసుకోండి, సీసా మీది బ్యాచ్ నంబరు అందులో రాయించండి. రాయనంటే వేరే దుకాణానికి వెళ్లండి.