కప్‌కేకుల యలంకరణము

విజయవాడ నగరమున పటమటకు చేరువగా ఆటోనగర్ అను పారిశ్రామికవాడ కలదు. లారీలను బాగుచేయుటకును, వానికి క్రొత్త బాడీలు కట్టుటకును అది పేరుగాంచినది. లారీకి రంగువేయు పనివాడు వచ్చిన వెంటనే కుంచె పట్టడు. మొదట తుప్పు గీకి, గుంటలను లప్పముతో పూడ్చి, ఉప్పుకాగితముతో నున్నగా రుద్దును. పిదప ప్రైమరు పూసి, అది ఆరువరకు వేచియుండును. రంగు వేయుట, దానిపై పువ్వులను లతలను చిత్రించుట ఆ తరువాతి పనులు. తడి యారని పొరపై మరియొక పొర పూసినచో రెండును చెడును. అరచేతిలో ఇముడు కప్‌కేకునకు కూడ ఈ నియమమే వర్తించును.

కప్‌కేకు అనగా కప్పు పరిమాణముగల చిన్న కేకు. అమీలియా సిమన్సు అను నామె 1796లో అమెరికాలో ప్రకటించిన వంటల గ్రంథమున, చిన్న కప్పులలో కాల్చదగిన కేకు విధానము కలదు. 1828లో ఎలైజా లెస్లీ ప్రకటించిన గ్రంథమున ‘కప్‌కేకు’ అను పేరే కానవచ్చును. నేడు విజయవాడలోని బేకరీలలోను, ఇండ్లలోను వీనిని పుట్టినరోజులకు చేయుచున్నారు. అలంకరణము క్రొత్తగా నేర్చువారికి ఇవి మిక్కిలి అనుకూలములు. పెద్ద కేకుపై చేయి తప్పినచో కేకంతయు వికారమగును. 12 చిన్న కేకులలో ఒకటి చెడినను 11 మిగులును.

కాల్చిన కేకును తీగెల చట్రముపై నుంచి, లోపలివరకు పూర్తిగా చల్లారనీయవలెను. ఇందుకు సుమారు ఒక గంట పట్టును. పైభాగము చల్లగా తోచినను లోన వేడి నిలిచియుండవచ్చును. వెన్న 32 మొదలు 35 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో కరగును. కావున వెచ్చని కేకుపై వేసిన పువ్వు క్షణములో జారిపోవును. విజయవాడలో వేసవి పగటి వేడిమి పలుమారులు 40 డిగ్రీలు దాటును. అట్టి దినములలో తెల్లవారుజామున పని ముగించుట మేలు. చేతి వేడికి క్రీము మెత్తబడినచో, కోనును కొలది నిమిషములు ఫ్రిజ్జులో నుంచవలెను.

క్రీమునకు 100 గ్రాముల ఉప్పులేని వెన్నయు, 200 గ్రాముల ఐసింగు చక్కెరయు చాలును. చక్కెరను తప్పక జల్లించవలెను. చిన్న ఉండ యొకటి మిగిలినను నాజిలు మూసికొనిపోవును. మెత్తని వెన్నను సుమారు 5 నిమిషములు గిలకొట్టినచో, అందు గాలి చేరి రంగు తెలుపెక్కును. పిదప చక్కెరను కొద్దికొద్దిగా కలుపవలెను. మిశ్రమము గట్టిగా నున్నచో ఒక చెంచా పాలు పోయవచ్చును. గరిటె పైకెత్తినపుడు క్రీము మొన వంగక నిలిచినచో అది సిద్ధమైనట్లు.

ముగ్గు పెట్టుట తెలిసినవారికి తరువాతి పని క్రొత్త కాదు. వ్రేళ్లనడుమ పిండి సమముగా జారినపుడే ముగ్గు గీత సమముగా నుండును. కోనును నొక్కుటయు నట్టిదే. కోనులో సగమువరకే క్రీము నింపి, పైభాగమును మెలిపెట్టి, కుడిచేతితో నొక్కుచు ఎడమచేతితో దారి చూపవలెను. నక్షత్రపు నాజిలుతో పువ్వు వేయునపుడు కోను నిటారుగా నుండవలెను. ఆకు వేయునపుడు ఏటవాలుగా నుండవలెను. పువ్వు పూర్తికాగానే మొదట నొక్కుట మానవలెను, పిమ్మట కోను పైకెత్తవలెను. నొక్కుచునే ఎత్తినచో పువ్వునకు తోక మొలచును. మొదట శుభ్రమైన స్టీలు పళ్లెముపై అభ్యసించి, ఆ క్రీమును గీకి మరల కోనులో నింపుకొనవచ్చును. ఇందు వ్యర్థమగున దేదియు లేదు.

రంగుల విషయమున మాత్రము లారీకిని కేకునకును పోలిక లేదు. లారీపై మెరయు రంగు ఆహారమున విషము. భారతదేశమున ఆహారపదార్థములకు 8 కృత్రిమవర్ణములే అనుమతింపబడినవి. అవియు నిర్ణీత పదార్థములందు, నిర్ణీత పరిమాణమునకు లోబడియే వాడవలెను. మెటానిల్ యెల్లో అను పసుపురంగు నిషిద్ధము. తళుకుపొడులు సైతము తినదగినవని చీటిపై వ్రాసియున్ననే కొనవలెను. జెల్ రంగును పంటిపుల్ల మొనతో తీసి కలిపిన చాలును. కొంతసేపటికి దాని ఛాయ తానే ముదురును. బీటురూటు రసము కొన్ని చుక్కలు కలిపినను లేత గులాబివర్ణము వచ్చును. అంతకు మించినచో క్రీము పలుచబడును.

కప్‌కేకులపై ముందుగా చేయి చాచువారు పసిపిల్లలు. వారు రంగును చూతురుగాని చీటిని చదువరు. వారికి బదులుగా చీటిని చదువవలసినది అలంకరించువారే. పువ్వు వంకరపోయినచో మరునాడు సరిదిద్దుకొనవచ్చును. తినరాని రంగు కడుపులోనికి పోయినచో దానిని వెనుకకు తీయజాలము. కావున నేర్చువారు చల్లార్చుటకు ఓర్పును, కోను పట్టుటకు అభ్యాసమును, రంగు నెన్నుటకు జాగరూకతను అలవరచుకొనవలెను. ఈ మూడింటిలో మొదటి రెండు కేకునకు అందము నిచ్చును. మూడవది తినువారికి క్షేమము నిచ్చును.