ఫోన్‌లోనే పైథాన్: మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాళ్ల కోసం

సి.బెళగల్‌లో డిగ్రీ చదివే కుర్రాడి దగ్గర ల్యాప్‌టాప్ లేదనుకుందాం. చేతిలో 4 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. యూట్యూబ్‌లో పైథాన్ ప్లేలిస్ట్ సేవ్ చేసుకున్నాడు, ఆరో వీడియో దగ్గర ఆగిపోయాడు. ల్యాప్‌టాప్ కొన్నాక మళ్లీ మొదలుపెడతా అంటాడు. ఆ కుర్రాడు మీరే అయితే ఒక్కమాట: తప్పు మీ ఫోన్‌ది కాదు.

వీడియో చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే టైప్ చేసేది అవతలి వాళ్లు. మీరు సొంతంగా రాసి, ఎర్రర్ వచ్చి, దాని ముందు అరగంట కూర్చుంటేనే ఏదైనా వస్తుంది. "హలో వరల్డ్" కోసం ఎవరూ అరగంట కూర్చోరు. ఇంట్లో పనికొచ్చే లెక్క అయితే కూర్చుంటారు.

పత్తి తీసుకోండి. ఆదోని యార్డుకు 640 కిలోలు తీసుకెళ్లారు. క్వింటాల్ 7,000 అనుకుందాం, హమాలీ, కాటా లాంటి ఖర్చులు 500. చేతికి ఎంత రావాలి? 44,300. ఈ లెక్క చేసే ప్రోగ్రామ్ పది లైన్లు కూడా ఉండదు. మీది ఉల్లి అయితే ఉల్లికే రాయండి, కిరాణా కొట్టు అయితే ఖాతా పుస్తకానికి రాయండి.

ప్లే స్టోర్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ ఉంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా పైథాన్ నడుస్తుంది. (ఊరి పేరులో సి ఉంది కదా అని సి లాంగ్వేజ్‌తో మొదలుపెట్టకండి. మంచిదే, కానీ మొదటి వారంలోనే విసుగొచ్చే అవకాశం ఎక్కువ.) ఫోన్‌కు ఓటీజీ సపోర్ట్ ఉంటే మామూలు వైర్డ్ కీబోర్డ్ తగిలించండి. టచ్ కీబోర్డ్ మీద బ్రాకెట్లు వెతకడంతోనే సగం ఓపిక అయిపోతుంది. నన్నడిగితే కొత్త ఫోన్ కన్నా ముందు కొనాల్సింది ఇదే.

ఇక రీల్స్ సంగతి. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద ఫోకస్ మోడ్ ఉంటుంది. ఏ యాప్‌లు ఆగాలో, ఏ టైమ్‌కి ఆగాలో పెట్టుకోవచ్చు. కానీ దాన్ని ఆపడం కూడా అంతే తేలిక, కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. డేటా ఆఫ్ చేసేయండి. పైడ్రాయిడ్‌కు నెట్ అక్కర్లేదు కదా! రోజూ అరగంట చాలు. ఆపేముందు రేపు రాయాల్సిన లైన్ ఏంటో ప్రోగ్రామ్‌లోనే తెలుగులో ఒక కామెంట్‌గా రాసి పెట్టండి. మర్నాడు "ఎక్కడున్నాం?" అని వెతుక్కోవడంలోనే చాలామంది ఫోన్ పక్కన పడేస్తారు.

మొదటి గోడ ఎక్కడ తగులుతుందో ముందే చెప్తా. బరువు అడగడానికి ఇన్‌పుట్ వాడతారు, 640 కొడతారు, దాన్ని 100తో భాగించగానే టైప్‌ఎర్రర్ వస్తుంది. భయపడకండి. ఎర్రర్ మెసేజ్‌లో చివరి లైన్ ముందు చదవండి, దాని పైన ఏ లైన్‌లో తప్పుందో నంబర్ ఉంటుంది. విషయం ఏంటంటే, ఇన్‌పుట్ ఇచ్చే 640 పైథాన్‌కు అంకె కాదు, పేరు లాంటి మూడు అక్షరాల మాట. మాటను వందతో ఎలా భాగిస్తుంది? ఫ్లోట్‌లో పెట్టి అంకెగా మార్చాలి. ఇంట్ కూడా మారుస్తుంది గానీ, బరువు 640.5 అని కొడితే మళ్లీ ఎర్రర్.

ఇక్కడ ఏఐ చాట్‌బాట్‌ను మొత్తం ప్రోగ్రామ్ రాసిమ్మని అడగాలనిపిస్తుంది. ముందు పది నిమిషాలు మీరే చూడండి. అప్పటికీ తేలకపోతే డేటా ఆన్ చేసి, ఈ ఎర్రర్‌కు అర్థం ఏంటి అని మాత్రమే అడగండి.

నడిచాక, పోయిన ఏడాది పత్తి అమ్మినప్పటి చీటీ నాన్ననడిగి తీసుకోండి. అందులోని అంకెలు కొట్టి చూడండి. రెండూ సరిపోతే సరే. తేడా వస్తే, మీ ప్రోగ్రామ్‌లో తగ్గింపు ఏదైనా మర్చిపోయారా, లేక చీటీలోనే తప్పు పడిందా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చండి.