ఎడిటింగ్ పాఠాలకు ఏ ఫొటోలు వాడాలి?

ప్రశ్న: పెళ్లి ఫొటోల ఎడిటింగ్‌ను వీడియో పాఠాలుగా యూట్యూబ్‌లో పెట్టాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఓ ఫొటోగ్రాఫర్, సుబేదారి, హనుమకొండ

జవాబు: డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలపై, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కు తీయించుకున్నవారిదే. వాటిని పాఠంలో చూపాలంటే వారి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. సొంతంగా తీసిన వేయిస్తంభాల గుడి ఫొటో అయితే ఇంకా మేలు: నల్లరాతి స్తంభాల నీడల్లో చెక్కడాలను పైకి తేవడం, ఆకాశంలో వెలుగు తగ్గించడం ఒకే రా ఫైలుతో నేర్పవచ్చు.

తెరను రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో చాలు. 1920×1080 పిక్సెళ్లలో చేస్తే అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కో వీడియోలో ఒక్క అంశమే ఉండాలి. స్లైడరు ఎంత జరపాలో చెప్పడంతో సరిపోదు, ఎందుకు జరపాలో వివరించాలి.