యుద్ధం, సుంకం, సంధి: అమెరికా అధ్యక్షుడి అధికారం ఎంతవరకు?
(బుష్ పాలన ఆధారంగా ఒక పాఠం)



పోటీ పరీక్షల్లో అమెరికా అధ్యక్షుడి అధికారాల గురించి తరచూ అడుగుతుంటారు. "ఆయన సర్వసైన్యాధిపతి, సంధులు చేసుకుంటారు, రాయబారులను నియమిస్తారు" అని నాలుగు ముక్కలు రాసి చాలామంది ఊరుకుంటారు. అది తప్పు కాదు గానీ సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే ఒక పాలనను దగ్గరగా చూడాలి. 2001 జనవరి నుంచి 2009 జనవరి వరకు అధ్యక్షుడిగా ఉన్న జార్జి డబ్ల్యు. బుష్ పాలన ఇందుకు మంచి ఉదాహరణ.

మీలో కొందరు కన్నడంలో, కొందరు తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చదువుతున్నారు. అందుచేత ముందే ఒక మాట. ఇక్కడ 'కాంగ్రెస్' అంటే పార్టీ కాదు, ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా చట్టసభ.

రాజ్యాంగం ఏం చెబుతుంది?

1787లో రాసిన అమెరికా రాజ్యాంగం యుద్ధం ప్రకటించే అధికారాన్ని, విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని, సుంకాలు విధించే అధికారాన్ని కాంగ్రెస్‌కే ఇచ్చింది. అధ్యక్షుడు సైన్యాన్ని నడిపిస్తారు. ఆయన చేసుకున్న సంధికి సెనేట్‌లో ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఆమోదం కావాలి. కానీ కాంగ్రెస్ తన అధికారాన్ని చట్టం ద్వారా అధ్యక్షుడికి అప్పగించవచ్చు. వివాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

1. యుద్ధం: ఇరాక్

2001 సెప్టెంబరు 11 దాడుల్లో దాదాపు 3,000 మంది చనిపోయారు. ఆ తర్వాత ఇరాక్ వద్ద సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని బుష్ ప్రభుత్వం వాదించింది. 2002 అక్టోబరులో ప్రతినిధుల సభ 296–133, సెనేట్ 77–23 ఓట్లతో ఒక చట్టం చేశాయి. ఇరాక్ నుంచి ఉన్న ముప్పును ఎదుర్కోవడానికి అవసరమని అధ్యక్షుడు భావిస్తే సైన్యాన్ని వాడవచ్చన్నది దాని సారాంశం. అది యుద్ధ ప్రకటన కాదు. నిర్ణయాన్ని ఒక్కరి చేతిలో పెట్టడం.

2003 మార్చిలో దాడి మొదలైంది. భద్రతా మండలి నుంచి దానికి స్పష్టమైన అనుమతి లేదు. ఫ్రాన్స్, జర్మనీ, రష్యా వ్యతిరేకించాయి. అమెరికాయే నియమించిన తనిఖీ బృందం 2004లో ఇచ్చిన నివేదిక ఇరాక్‌లో అలాంటి ఆయుధాల నిల్వలు లేవని తేల్చింది. 2011 డిసెంబరులో సేనలు వెనుదిరిగేనాటికి దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు, లక్షకు పైగా ఇరాకీ పౌరులు ప్రాణాలు కోల్పోయారు.

కాంగ్రెస్ ఇచ్చిన అధికారాన్నే వాడానన్నది బుష్ పక్షం వాదన. చట్టపరంగా అందులో బలం ఉంది. ప్రశ్న ఏమిటంటే, ఆధారాలను పరిశీలించాల్సిన సభ ఆ పని గట్టిగా చేసిందా? కొన్ని రోజుల చర్చతో ఇచ్చిన ఆ అనుమతిని రద్దు చేయడానికి 2025 డిసెంబరు దాకా, అంటే 23 ఏళ్ళు పట్టింది.

2. వాణిజ్యం: ఉక్కు సుంకాలు

2002 మార్చిలో బుష్ ఉక్కు దిగుమతులపై 8 నుంచి 30 శాతం వరకు సుంకాలు విధించారు. 1974 వాణిజ్య చట్టం ద్వారా కాంగ్రెస్ అప్పగించిన అధికారమే దీనికి ఆధారం. పెన్సిల్వేనియా, ఒహాయో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల్లోని ఉక్కు పరిశ్రమ సంతోషించింది. ఉక్కు కొని విడిభాగాలు తయారుచేసే కంపెనీలు మాత్రం ధరలు పెరిగాయని మొత్తుకున్నాయి. ఐరోపా సమాజం, జపాన్ తదితరులు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశారు. 2003 నవంబరులో తీర్పు అమెరికాకు వ్యతిరేకంగా వచ్చింది. 220 కోట్ల డాలర్ల విలువైన అమెరికన్ సరుకులపై ఎదురు సుంకాలు వేస్తామని ఐరోపా హెచ్చరించింది. డిసెంబరు 4న బుష్ సుంకాలు ఎత్తివేశారు. ఇక్కడ అధ్యక్షుడిని ఆపింది కాంగ్రెస్ కాదు, బయటి సంస్థ తీర్పు, భాగస్వాముల ఒత్తిడి.

3. సంధి: క్షిపణి నిరోధక ఒప్పందం

1972లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఈ సంధిని సెనేట్ ఆమోదించింది. 2001 డిసెంబరులో బుష్ నోటీసు ఇచ్చి, 2002 జూన్‌లో దాని నుంచి వైదొలిగారు. సెనేట్‌ను అడగలేదు. సంధిలో చేరడానికి ఆమోదం కావాలన్న రాజ్యాంగం, బయటకు రావడం గురించి ఏమీ చెప్పలేదు. ప్రతినిధుల సభ సభ్యులు కొందరు కోర్టుకు వెళ్ళినా కేసు నిలవలేదు. రాజ్యాంగం మౌనంగా ఉన్నచోట అధికారం అధ్యక్షుడి వైపే మొగ్గుతుందనడానికి ఇది ఉదాహరణ.

మన దేశంతో పోలిక

మన రాష్ట్రపతి పేరిట జరిగే పాలనకు లోక్‌సభకు జవాబుదారీ అయిన మంత్రిమండలే బాధ్యత వహిస్తుంది. భారత్–అమెరికా పౌర అణు ఒప్పందం ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. అమెరికాలో దానికి కాంగ్రెస్ ఆమోదం తప్పనిసరి కాగా, 2008 అక్టోబరు 1న సెనేట్ 86–13 ఓట్లతో ఆమోదించింది. మన దేశంలో ఒప్పందం చేసుకోవడానికి పార్లమెంటు అనుమతి అవసరం లేదు. అయినా వామపక్షాలు మద్దతు ఉపసంహరించడంతో ప్రభుత్వమే ప్రమాదంలో పడి, 2008 జూలై 22న విశ్వాస పరీక్షలో 275–256తో గట్టెక్కింది. అక్కడ ఒప్పందానికి ఓటు, ఇక్కడ ప్రభుత్వానికి ఓటు.

గుర్తుంచుకోవలసింది

అధ్యక్షుడు అధికారాన్ని లాక్కున్నారని రాసేముందు, ఆ అధికారం ఎవరు ఇచ్చారో, ఏ చట్టం ద్వారా ఇచ్చారో, తిరిగి తీసుకునే దారి ఉంచారో లేదో చూడండి. అధికారం అప్పగించడం ఒక్క ఓటుతో అయిపోతుంది. తిరిగి రాబట్టుకోవడానికి ఒక తరం పట్టవచ్చు. పరీక్షలోనే కాదు, రేపు మీరు ఓటు వేసే రోజున, సంఘాల్లో బాధ్యతలు తీసుకునే రోజున కూడా ఈ మాట పనికొస్తుంది.

అభ్యాస ప్రశ్నలు

1. యుద్ధ ప్రకటనకు, సైనిక చర్యకు ఇచ్చే అనుమతికి తేడా ఏమిటి? 2002 చట్టం ఆధారంగా రాయండి.
2. ఉక్కు సుంకాల వల్ల ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు? కారణాలు చూపండి.
3. ఒప్పందాల విషయంలో భారత పార్లమెంటు, అమెరికా కాంగ్రెస్ పాత్రలను పోల్చండి.

ఒక్కో జవాబు 150 మాటలు మించకుండా రాసి, ఇంట్లో పెద్దవారికో తోటి విద్యార్థికో చదివి వినిపించండి. వినేవారికి అర్థమైతే మీకూ అర్థమైనట్టే.